తిరగెయ్యని పటం

మా వదిన గీత గీసేటప్పుడు ఊపిరి తీసుకునేది కాదు. ఊపిరి తీస్తే భుజం కదులుతుందట, భుజం కదిలితే చెయ్యి కదులుతుందట, చెయ్యి కదిలితే ఒకరి గోడ పక్కవాళ్ల పెరట్లోకి వెళ్లి కూర్చుంటుందట. సర్వే ఆఫీసులో ఆమె పని పాత పటాలకు కొత్త నకళ్లు గియ్యడం. కింద లైటు వెలిగే గాజుబల్ల మీద ముప్పై నాలుగేళ్లు వంగి పని చేసింది కాబట్టి ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను గాజుబల్ల మేడం అనేవాళ్లు. ఇంట్లో దోసకాయ తరిగినా ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. "ఇది కూరలోకా వదినా, కోర్టులోకా?" అని ఏడిపించేదాన్ని. నవ్వేది కాదు. ఇంకో ముక్క కొలిచి తరిగేది.

నేను ఆమె ఆడపడుచును. అన్నయ్య ఇంటి మేడమీద గదిలో ఉంటూ, వాళ్ల ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని చేస్తాను. ఏ ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారో, ఎవరి పేరు తీసి ఎవరి పేరు రాయాలో రిజిస్టర్లలో ఎక్కించడం నా పని. నాకు కోపం ముక్కు మీదుంటుంది. కౌంటరు ముందు ఎవరైనా వరుస తప్పితే వాళ్ల పని అయిపోయినట్టే. వదిన అందుకు పూర్తిగా వేరు. ఆఫీసు నుంచి ఇంటికి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడేది. పై ఆఫీసరు పిలిచాడంటే, ఉత్త సంతకానికే అయినా సరే, రెండుసార్లు చేతులు కడుక్కుని వెళ్లేది. నడుం దెబ్బతిని, బస్సు నడపడం మానేసి ఇంటిపట్టున ఉంటున్న అన్నయ్య, "మీ వదిన ఏదో దొంగతనం చేసినట్టు బతుకుతుందే" అని నవ్వేవాడు. ఆ మాటకు ఆమె ముఖం తిప్పుకునేది. నేను చూశాను గాని పట్టించుకోలేదు. మనిషి స్వభావమే అంత అనుకున్నాను.

మా రెండు ఆఫీసుల మధ్య ఒక ఇరుకు వీధి ఉంది. టీ కోసం, గొడుగు కోసం, పెన్ను కోసం రోజూ మనుషులు దాటేవాళ్లు గాని, ఒక్క రికార్డు దాటిన పాపాన పోలేదు. వాళ్ల పటాల్లో ఇంటి ఆకారం, కొలత, నంబరు ఉంటాయి. అందులో ఎవరుంటున్నారో వాళ్లకు అనవసరం. మా రిజిస్టర్లలో నంబరు, యజమాని పేరు ఉంటాయి. ఆ నంబరు నేల మీద ఎక్కడుందో మాకు అనవసరం. ఎవరైనా వచ్చి గట్టిగా అడిగితే "ఎదుటి ఆఫీసుకెళ్లండి" అనేవాళ్లం. ఎదుటివాళ్లు మా దగ్గరికి పంపేవాళ్లు. ఇలా జనాన్ని బంతిలా అటూ ఇటూ తన్నుకోవడమే రెండు ఆఫీసులూ కలిసి చేసిన ఏకైక పని.

అలాంటిది, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రెండు ఆఫీసుల రికార్డులూ కంప్యూటర్లో కలిపేస్తామని ఉత్తర్వు వచ్చింది. నంబరు కొడితే చాలు, వాళ్ల పటమూ మా రిజిస్టర్లోని పేరూ పక్కపక్కనే వస్తాయి. పురపాలక ఆఫీసుకైనా, పన్నుల ఆఫీసుకైనా కావాల్సింది అక్కడే దొరుకుతుంది. నోటీసులు కూడా దాన్నిబట్టే అచ్చవుతాయి. నేను సంబరపడ్డాను. ఆ సాయంత్రం వదినకు చెబితే, "మంచిదేలే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గ్లాసు కిందపడిన చప్పుడైంది.

ముందుగా ఒక్క కాలనీని నమూనాగా కలిపి, ఆ జాబితా సరిచూడమని నాకు ఇచ్చారు. ఆ కాలనీలోనే మా ఇస్త్రీ ఆయన ఇల్లుంది. మా ఆఫీసు మెట్ల కింద బల్ల వేసుకుని రెండు ఆఫీసుల బట్టలూ ఇస్త్రీ చేసే మనిషి. ఇరవయ్యేళ్లు ఆ బల్ల ముందు నిలబడి కొనుక్కున్నాడు ఆ ఇల్లు. బట్టల కోసం నేనొకసారి వెళ్లాను కాబట్టి నాకు తెలుసు. ఏడు ఇళ్ల వరుస అది. అన్నీ ఒకే కొలత, ఒకే పోలిక. రోడ్డు వైపున మొదటిది వీళ్లది. అటు చివర ఏడోది ఎప్పుడూ తాళం వేసుండే గోడౌను, కాలువ గట్టు మీద ఉంటుంది. వానలకు గట్టు జారుతోందని ఆ గోడౌనును కూల్చేస్తామని పురపాలక ఆఫీసు ఎప్పటినుంచో అంటోంది.

జాబితాలో ఇస్త్రీ ఆయన పేరుకు ఎదురుగా, "ప్లాటు ఒకటి. కాలువ గట్టు. కూల్చివేతకు" అని ఉంది.

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్తున్నాను, నవ్వే వచ్చింది. కంప్యూటరుకు తిక్క పుట్టింది అనుకున్నాను. ఇంటికెళ్లి చెప్పులు విప్పుతూనే, "మీ పటంలో ఇస్త్రీ ఆయన కాలువలో కాపురం పెట్టాడు వదినా" అన్నాను.

ఆమె దుప్పటి మడత పెడుతోంది. చేతులు ఆగిపోయాయి. "ఏ షీటు?" అంది.

"ఏమో, పదిహేడనుకుంటా."

"అనుకోవడం కాదు. సరిగ్గా చెప్పు."

ఆమె గద్దించి మాట్లాడటం నేను అంతవరకు వినలేదు. "పదిహేడే" అన్నాను. సగం మడిచిన దుప్పటి పట్టుకుని ఆమె మంచం మీద కూలబడింది. ఏమైందని అన్నయ్య పక్కగదిలోంచి కేకేస్తే, "కాలు బెణికింది" అంది.

మర్నాడు భోజనాల వేళ నన్ను ఆఫీసులో తన గదికి రమ్మంది. వెళ్లగానే తలుపు గడియ పెట్టింది. బల్ల మీద పదిహేడో షీటు పరిచి ఉంది. అది పల్చటి, పాలరంగు ట్రేసింగు షీటు. కింద మూలలో ఆమె పొట్టి సంతకం, తేదీ ఉన్నాయి. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అది. షీటు తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

"ఇందులో ఇళ్ల పెట్టెలే ఉంటాయి, కాలువ ఎడమకి, రోడ్డు కుడికి అనుకోవాలి. ఒకటి ఎటుంది?"

"కాలువ వైపు."

షీటును తిరగేసి, వెనకవైపు మాకు కనిపించేలా మళ్లీ అద్దానికి ఆనించింది. ఎండకు గీతలన్నీ స్పష్టంగా కనబడ్డాయి. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి గాని, ఒకటో నంబరు ఇప్పుడు రోడ్డు వైపుకు వచ్చింది. ఏడు కాలువ గట్టు మీదికి పోయింది. అంటే ఎలా ఉండాలో అలా ఉంది.

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. వాళ్లలో ఒక పద్ధతి ఉందట. గీతలు షీటుకు వెనకవైపు గియ్యాలి, అంకెలు ముందువైపు రాయాలి. ఇళ్లు వాటాలుగా చీలినప్పుడల్లా అంకెలు తుడిచి మళ్లీ రాస్తారు. ఆ తుడుపుకు గీత చెరగకూడదని ఈ ఏర్పాటు. అందుకని పాత పటాన్ని గాజుబల్ల మీద బోర్లా పరిచి, దాని మీద షీటు వేసి, ముందు గీతలు గీస్తారు. తర్వాత షీటును తిరగేసి, ఒకరు రిజిస్టరు చూసి నంబర్లు చదువుతుంటే ఇంకొకరు రాస్తారు.

"కొత్తలో నేను తిరగెయ్యడం మర్చిపోయాను" అంది వదిన. "గీతలున్న వైపే అంకెలు కూడా రాసేశాను. ఒకటి, రెండు అని వాళ్లు చదివారు, నేను ఎడమ నుంచి రాసుకుంటూ పోయాను. కాని ఆ వైపు ఎడమంటే నిజానికి కుడి. అంకెలు చదివేలా పెట్టి చూస్తే వరుస మొత్తం తిరగబడిపోతుంది."

"ఎవరూ చూసుకోలేదా?"

"ఏడు పెట్టెలు ఒకే కొలతలో ఉంటే, ఎటునుంచి చూసినా ఒకలాగే ఉంటాయి. ఎవరికి తెలుస్తుంది?"

నాకు కాస్త ఊపిరాడింది. "దీనికేనా ఇంత హడావిడి? ఒక్క షీటే కదా, దిద్దిపారెయ్" అన్నాను.

ఆమె షీటును చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట వంకరపోయింది. విప్పి మళ్లీ చుట్టింది.

"ఉద్యోగంలో చేరిన ఎనిమిదో నెలలో ఒక వంకర వీధి పటం గీశాను" అంది చివరికి. "కుడికి తిరగాల్సిన వీధి ఎడమకి తిరిగింది. మా హెడ్డు చూసి నలుగురిలో కడిగిపారేశాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

"మరి అంతకుముందువి?"

"తిన్నని వరుసల కాలనీలు పంతొమ్మిది గీశాను. ఏవి తిరగేశానో, ఏవి తిరగెయ్యలేదో నాకు తెలీదు. ఇన్నేళ్లకు సిరా షీటులోకి ఇంకిపోయింది, గీత ఏ వైపుందో చూసినా తెలీదు. హెడ్డుకి అప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఉంచుతారో పంపేస్తారో అని భయమేసింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయమేసింది."

"పాత పటాలతో సరిచూడొచ్చుగా?"

"అవి ముట్టుకుంటే పొడైపోతున్నాయనే కదా నకళ్లు గీయించింది. నకలు కాగానే పారేశారు."

ఫోను మోగితే ఆమె ఎందుకు లేచి నిలబడేదో, ఆఫీసరు పిలిస్తే చేతులు ఎందుకు కడుక్కునేదో ఒక్కసారిగా తెలిసొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ఒక మనిషి ఈ భయాన్ని కడుపులో పెట్టుకుని మా పక్కన కూర్చుని అన్నం తింది. రెండు ఆఫీసులూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోనంతకాలం ఆమెకు బతుకు. ఆ ఎడమొహం పెడమొహమే ఆమెను కాచింది.

ఆ రోజు నుంచి ఆమె అన్నం కెలికి వదిలేసేది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఈ తప్పు బయటపడితే విచారణ అంటారు, పింఛను ఆపుతారు, అన్నయ్య మందులు ఆ పింఛను మీదే. ఈ లెక్క ఆమె నాతో పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా. నేనే ఉండబట్టలేక, "ఆఫీసరుకి చెప్పెయ్ వదినా. కూల్చేవాళ్లు నంబరు చూస్తారుగాని కాలువ చూస్తారా? వాళ్లకి తలుపు మీది నంబరు చాలు" అన్నాను.

"నీకేం. నీ సంతకం ఎక్కడా లేదు" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "అయితే వాళ్లిల్లు పడగొడుతుంటే నిలబడి చూద్దాం పద" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆదివారం తనే నన్ను లేవదీసి ఆ కాలనీకి తీసుకెళ్లింది. రోడ్డు వైపు నుంచి ఒక్కో గుమ్మం ముందూ ఆగి లెక్కపెట్టుకుంటూ కాలువ దాకా నడిచింది, మళ్లీ వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఇస్త్రీ ఆయన చూసి పరుగెత్తుకొచ్చాడు.

"మేడంగారూ! మీరేంటి ఇటు? రండి రండి, ఇల్లు చూద్దురుగాని."

లోపల వాళ్లావిడ కొత్తగా కట్టిన గోడకు నీళ్లు చల్లుతోంది. వెనక ఒక గది వేస్తున్నారు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. కుర్చీలు వేశారు, మంచినీళ్లు ఇచ్చారు.

"ఇకమీదట అన్నీ కంప్యూటర్లోనే అంటగా మేడం?" అన్నాడతను. "మా ఇల్లు కూడా వస్తుందా అందులో?"

"వస్తుంది" అంది వదిన.

"నా పేరుతోనే?"

"మీ పేరుతోనే."

అతను భార్య వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాడు. వదిన లేచి ఆ తడిగోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఇంటికి రాగానే కాగితం తీసుకుని, ఆఫీసరుగారికి అని మొదలుపెట్టి జరిగిందంతా రాసింది. నాలుగుసార్లు చింపి, అయిదోసారి సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్నే ఇద్దరం సర్వే ఆఫీసుకు వెళ్లాం. మా రిజిస్టరు నకలు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. ఆఫీసరు నా వయసువాడు, మర్యాద తెలిసినవాడు. వదినను కూర్చోమన్నాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను, అలా చేసినా బాగుండేది.

"భయపడకండమ్మా" అన్నాడు మెత్తగా. "పదిహేడో షీటు నేను ఇప్పుడే మార్పించేస్తాను. మీ ఎదురుగానే."

వదిన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మిగతా పద్దెనిమిది కూడా..."

"అవి తప్పని మీకు తెలుసా?"

"తెలీదండి."

"ఒప్పని తెలుసా?"

"తెలీదండి. ఒక్కో కాలనీకి వెళ్లి, ఒక్కో గుమ్మం చూసి, వీళ్ల రిజిస్టరుతో పోల్చుకోవాలి. రెండు నెలలు పడుతుంది."

"ఒకటో తారీఖుకి ఇంకా మూడు రోజులుంది. తేదీ పైనుంచి ఖాయమైపోయింది." సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకు జరిపాడు. తాము గీసిన నకళ్లన్నీ అసలు పటాలతో సరిచూసినట్టు, అవన్నీ సరిగ్గా ఉన్నట్టు నకలు గీసినవాళ్లు ఇచ్చే ధ్రువపత్రం అది. "మీతో పని చేసినవాళ్లలో ఇప్పుడు ఆఫీసులో మిగిలింది మీరొక్కరే. మీ సంతకం లేకుండా కలపడం కుదరదు."

"మరి నా ఉత్తరం?"

"దాన్ని నేను తీసుకుంటే అది ఫైలవుతుంది. ఫైలయితే విచారణ పడుతుంది. విచారణ తేలేదాకా ఏ షీటూ ముట్టుకోకూడదు, పదిహేడుతో సహా. కూల్చివేత జాబితా మాత్రం ఈ సాయంత్రం పురపాలక ఆఫీసుకి వెళ్లిపోతుంది. అది నా చేతిలో లేదు." ధ్రువపత్రం మీద పెన్ను పెట్టాడు. "మీరు సంతకం పెడితే పదిహేడు ఇప్పుడే మారిపోతుంది. ఇస్త్రీ అతనికి ఏమీ కాదు. మీకూ ఏమీ కాదు."

వదిన తలెత్తి నా వైపు చూసింది. కౌంటరులో కూర్చుంటే ఊరందరి మీదా ఎగిరిపడేదాన్ని, ఒక్క మాట అనలేకపోయాను. వద్దు వదినా అంటే ఇస్త్రీ ఆయన ఇల్లు పోతుంది. పెట్టు వదినా అంటే ఎవరి ఇళ్లు పోతాయో తెలియదు. తెలియనివాళ్లు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. ఇంతకంటే గౌరవంగా చెప్పుకోవడానికి నా దగ్గర కారణం లేదు.

ఆమె సంతకం పెట్టింది. ఆఫీసరు ఎవరినో పిలిచి, మా కళ్లముందే పదిహేడో షీటు నంబర్లు మార్పించాడు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి వదిన చేతికే ఇచ్చేశాడు.

ఒకటో తారీఖున రెండు ఆఫీసులూ కలిశాయి. తర్వాత రెండు వారాలకు ఇస్త్రీ ఆయన బట్టలు ఇవ్వడానికి ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడే కథ చెప్పాడు. "మా వరుస చివరి గోడౌను కూల్చేశారు మేడం. పెద్ద మిషను తెచ్చారు. తలుపు మీద నంబరు చూసుకున్నారు, ఒకడు కాగితం మీద టిక్కు పెట్టాడు, అంతే. లోపల ఏమైనా ఉందా అని కూడా చూళ్లేదు."

"ఎంతసేపు పట్టింది?" అని అడిగింది వదిన.

"గంటన్నర కూడా లేదు. మా ఇంట్లో గిన్నెలన్నీ అదిరిపోయాయనుకోండి." నవ్వుతూ వెళ్లిపోయాడు. వదిన ఆ బట్టల కట్ట ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

పద్దెనిమిది షీట్ల నంబర్లు ఒక చీటీ మీద రాసి నాకు ఇచ్చింది. వీటిల్లో ఏదైనా నా కౌంటరుకు వస్తే చెప్పమంది. అది నా సొరుగులో పెట్టుకున్నాను. ఆదివారాలు అన్నయ్యకు బజారని చెప్పి ఒక్కో కాలనీకి వెళ్లేది. నేను మా రిజిస్టర్లోంచి పేర్లు రాసిస్తే, ఆ గుమ్మాల ముందు నడుస్తూ, ఎవరినో వెతుకుతున్నట్టు నటిస్తూ చూసుకునేది. ఒకసారి ఒకాయన దొంగనుకుని కుక్కను వదిలాడట. ఏడు కాలనీలు చూసింది. ఏడూ సరిగ్గానే ఉన్నాయి. మెల్లగా ఆమె ముఖంలోకి రంగు వచ్చింది, అన్నం సరిగ్గా తినడం మొదలుపెట్టింది. ఒక రోజు అన్నయ్య ఏదో అంటే గట్టిగా నవ్వింది కూడా. పదిహేడు ఒక్కటే తప్పేమో వదినా అన్నాను. అయ్యుండొచ్చు అంది. ఇద్దరం అది నమ్మాలనుకున్నాం.

రిటైరవడానికి ఇంకా వారం ఉందనగా, నా కౌంటరుకు ఒక నర్సు వచ్చింది. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, తెల్లటి బట్టల మీద కోటు వేసుకుంది. చేతిలో ఒక నోటీసు.

"రోడ్డు మలుపు వెడల్పు చెయ్యడానికి మా ఇల్లు తీసేస్తారంటున్నారండి" అంది. "మా ఇల్లు మలుపులో లేదు. మాది అటు చివరిది. ఏదో పొరపాటైంది, కొంచెం చూడరా? మా అమ్మ మంచం మీద ఉంది, కదల్లేదు."

నోటీసు తీసుకున్నాను. పైన షీటు నంబరు నలభై ఒకటి అని ఉంది. సొరుగు తెరవనక్కర్లేదు, ఆ చీటీ నాకు కంఠతా వచ్చు. వదిన ఇంకా చూడని పదకొండు కాలనీల్లో అదొకటి.

ఈ కాగితం నేను తీసుకుని ముద్ర వేస్తే అది ఫైలవుతుంది. ఫైలు వెళ్లి ధ్రువపత్రం బయటికి లాగుతుంది. దాని కింద వదిన సంతకం ఉంటుంది. ఇంకొక్క వారం. ఏడు రోజులు గడిస్తే ఆమె పూలదండ వేయించుకుని ఇంటికి వచ్చేస్తుంది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నర్సు నన్నే చూస్తోంది.

"ఈ రోజు సార్ లేరండి" అన్నాను. "రేపు రండి."

సార్ లోపలే ఉన్నాడు. ఆమె నోటీసు మడిచి కోటు జేబులో పెట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ, చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. వదిన నా ముఖం చూసి, "ఎవరైనా వచ్చారా?" అంది. చెప్పేశాను. నర్సు, మంచం మీది తల్లి, నలభై ఒకటి, రేపు రమ్మనడం, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను.

ఆమె లేచి నిలబడింది. అన్నయ్య వింటున్నాడని కూడా చూసుకోలేదు. గూట్లోంచి నాలుగు మడతల ఉత్తరం తీసి సంచిలో పెట్టుకుంది, చెప్పులు వేసుకుంది.

"పద" అంది.

"ఇప్పుడు ఆఫీసు ఉండదు వదినా. రేపు పొద్దున్నే..."

"ఆఫీసుకి కాదు, వాళ్లింటికి." గుమ్మం దాటబోతూ ఆగి, నా వైపు తిరిగింది. "నోటీసులో కూల్చే తేదీ ఎప్పుడని ఉంది?"

షీటు నంబరు తప్ప నేనేమీ చూడలేదు.